చార్లీ బ్రౌన్ తెచ్చిన చెట్టు

1965 డిసెంబరు 9, గురువారం. రాత్రి ఏడున్నరకు అమెరికాలో సి.బి.ఎస్. టెలివిజన్ సంస్థ అరగంట నిడివిగల బొమ్మల కార్యక్రమం ఒకటి ప్రసారం చేసింది. దాన్ని కొద్దిరోజులు ముందుగా చూసిన సంస్థ అధికారులు పెదవి విరిచారు. నడక మందంగా ఉందన్నారు. చూసేవాళ్ళు నవ్వాల్సిన చోట నవ్వు వినిపించడం లేదేమన్నారు. క్రిస్మస్ కథకు జాజ్ సంగీతమేమిటన్నారు. పిల్లల గొంతులు పచ్చిగా ఉన్నాయన్నారు. అన్నిటికీ మించి, టీవీలో బైబిలు చదివించడమేమిటని నొసలు చిట్లించారు. ప్రసార సమయం అప్పటికే ఖాయమైపోయింది కాబట్టి ఒకసారికి వేయక తప్పదనీ, రెండోసారి మాట తలపెట్టవద్దనీ తేల్చేశారు.

తీసినవాళ్ళకైనా ధైర్యం ఉందా అంటే, అదీ లేదు. తమ చేతులతో ఒక మంచి బొమ్మల కథను పాడుచేశామేమోనని నిర్మాతా దర్శకుడూ ఇద్దరూ దిగులుపడ్డారు. వాళ్ళతో పనిచేసిన ఎడ్ లెవిట్ అనే చిత్రకారుడు ఒక్కడే, ఇది నూరేళ్ళు ఆడుతుందని అన్నాడట. అందరూ దాన్ని ఓదార్పు మాట కిందే జమకట్టారు.

ఆ కార్యక్రమం పేరు 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్'. నూరేళ్ళకు ఇంకా వ్యవధి ఉంది గాని, అరవై ఏళ్ళుగా దాన్ని జనం చూస్తూనే ఉన్నారు. తాతలు తమ చిన్నప్పుడు చూసినదాన్ని మనుమల పక్కన కూర్చుని మళ్ళీ చూస్తున్నారు. ఆనాడు అధికారులు వేలు మడిచి లెక్కపెట్టిన లోపాలే అది ఇంతకాలం బతకడానికి కారణాలని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. ఆ లోపాలు పొరపాటున దొర్లినవి కావు. పట్టుబట్టి ఉంచుకున్నవి.

ఈ చరిత్రలో ఒక చిక్కుముడి కూడా ఉంది. పండుగ అంగడి సరుకైపోయిందని బాధపడే కథ ఇది. దీనికి డబ్బు పెట్టింది మాత్రం కోకా-కోలా కంపెనీ. అమ్మేవాళ్ళ సొమ్ముతో అమ్మకాన్ని తప్పుపట్టే కథ చెప్పడం కుదిరే పనేనా? కుదిరితే ఏం వదులుకుని, ఏం నిలుపుకుని చెప్పాలి? ఆ అరగంట ఎలా తయారైందో చూస్తే కొంత జవాబు దొరుకుతుంది.

క్షురకుని కొడుకు

చార్లీ బ్రౌన్‌ను సృష్టించిన చార్లెస్ షుల్జ్ 1922 నవంబరు 26న మినియాపొలిస్‌లో పుట్టాడు. పెరిగింది దాని జంటనగరం సెయింట్ పాల్‌లో. తండ్రి జర్మనీలో పుట్టి అమెరికా వచ్చినవాడు. సెయింట్ పాల్‌లో క్షౌరశాల నడిపేవాడు. తల్లి 1943లో కేన్సరుతో చనిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే షుల్జ్‌కు సైన్యం నుంచి పిలుపు వచ్చింది. తల్లిని సాగనంపి, ఆ దుఃఖం ఆరకముందే యుద్ధశిక్షణకు రైలెక్కాడు. ఆనాటి ఒంటరితనం తనను జీవితాంతం వదలలేదని ఆయన తరువాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

యుద్ధం నుంచి తిరిగివచ్చి బొమ్మలు గీయడమే వృత్తిగా పెట్టుకున్నాడు. 1947 నుంచి సెయింట్ పాల్ పత్రికలో 'లిల్ ఫోక్స్' పేరుతో చిన్నపిల్లల బొమ్మలు వేశాడు. 1950 అక్టోబరు 2న ఏడు పత్రికల్లో ఒకేసారి ఆయన కొత్త బొమ్మల కథ మొదలైంది. దానికి పత్రికలకు సరఫరాచేసే సంస్థవారు 'పీనట్స్' అని పేరుపెట్టారు. అంటే వేరుశెనగ గింజలు. లెక్కలోకి రాని చిల్లర వ్యవహారమన్న ధ్వని కూడా ఆ మాటకుంది. షుల్జ్‌కు ఆ పేరు ఏనాడూ నచ్చలేదు. కాని పెట్టిన పేరు మారలేదు.

ఈ కథలో పెద్దవాళ్ళు కనిపించరు. అందరూ పిల్లలే. కాని వాళ్ళకున్న దిగుళ్ళు మాత్రం పెద్దవాళ్ళవి. చార్లీ బ్రౌన్ గుండ్రటి తలకాయ, మంచి మనసు ఉన్న అబ్బాయి. వాడు ఎగరేసిన గాలిపటం చెట్టుకు చిక్కుకుంటుంది. వాడు నాయకుడుగా ఉన్న బేస్‌బాల్ జట్టు ఓడిపోతూ ఉంటుంది. లూసీ అనే గయ్యాళి పిల్ల వీధిలో చిన్న బల్ల వేసుకుని, అయిదు సెంట్లు పుచ్చుకుని మానసిక వైద్యం చేస్తుంది. ఆమె తమ్ముడు లైనస్ తెలివైనవాడు, కాని దుప్పటి ముక్క చేతిలో లేనిదే క్షణం ఉండలేడు. ష్రోడర్ బొమ్మ పియానో మీద బీథోవెన్‌ను వాయిస్తూ లోకాన్ని మరచిపోతాడు. చార్లీ బ్రౌన్ పెంచుకునే కుక్క స్నూపీ తన గూటి పైకప్పు మీద వెల్లకిలా పడుకుని కలలు కంటుంది. ఓడిపోవడం అందరికీ అనుభవమే కాబట్టి ఈ పిల్లలు దేశమంతటికీ చుట్టాలైపోయారు. 1965 ఏప్రిల్‌లో టైమ్ పత్రిక ఈ పాత్రలను ముఖచిత్రంగా వేసింది.

ఫోను వచ్చిన రోజు

శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో లీ మెండెల్‌సన్ అనే యువ నిర్మాత ఉండేవాడు. 1963లో ఆయన విల్లీ మేస్ అనే గొప్ప బేస్‌బాల్ ఆటగాడి మీద డాక్యుమెంటరీ తీశాడు. అది బాగా ఆడింది. లోకంలోకెల్లా గొప్ప ఆటగాడి మీద తీశాను కదా, ఇక లోకంలోకెల్లా చేతగాని ఆటగాడి మీద తీస్తే ఎలా ఉంటుందని ఆయనకు ఆలోచన తట్టింది. అలాంటి ఆటగాడు చార్లీ బ్రౌన్ కాక ఇంకెవడు? అలా షుల్జ్‌ను కలిసి, ఆయన మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. పాపం, దాన్ని ఏ టీవీ సంస్థా కొనలేదు.

టైమ్ పత్రిక ముఖచిత్రం వెలువడిన తరువాత మెండెల్‌సన్‌కు ఒక ప్రకటనల సంస్థనుంచి ఫోను వచ్చింది. కొనని ఆ డాక్యుమెంటరీ గురించేమోనని ఆయన సంబరపడ్డాడు. అది కాదు. కోకా-కోలావారు ఆ ఏడాది ఒక క్రిస్మస్ కార్యక్రమానికి డబ్బు పెట్టాలనుకుంటున్నారు, చార్లీ బ్రౌన్‌తో అలాంటిదేమైనా ఆలోచించారా అని అవతలివాళ్ళు అడిగారు. ఆలోచించామని మెండెల్‌సన్ చెప్పేశాడు. నిజానికి అలాంటి ఆలోచనే లేదు. అయితే నాలుగు రోజుల్లో కథ సంగ్రహంగా పంపమన్నారు. ఆయన వెంటనే షుల్జ్‌కు ఫోను చేసి, ఒక క్రిస్మస్ కథ అమ్మేశాననీ, దాన్ని రేపు కూర్చుని మనం రాయాలనీ చెప్పాడు.

ఒక్కరోజులో కథ చట్రం తయారైంది. షుల్జ్ తన చిన్ననాటి మంచు తెలుసు కాబట్టి మంచు కావాలన్నాడు. బడిపిల్లల క్రిస్మస్ నాటకం కావాలన్నాడు. బైబిలులోనుంచి ఒక భాగం కావాలన్నాడు. అంతకుముందు క్రిస్మస్‌కు మెండెల్‌సన్ తన పిల్లలకు హాన్స్ ఆండర్సన్ రాసిన దేవదారు చెట్టు కథ చదివి వినిపించాడు. అది గుర్తుకు వచ్చి ఒక చెట్టు ఉంటే బాగుంటుందన్నాడు. చార్లీ బ్రౌన్ వంటి చెట్టే పెడదామన్నాడు షుల్జ్. ఈ కథలో పేరుపడ్డ ఆ బక్కచెట్టు అలా పుట్టింది.

ఆరు నెలలు, మూడు పంతాలు

ప్రసారానికి ఆరు నెలల గడువే ఉంది. దర్శకుడు బిల్ మెలెండెజ్. ఈయన అసలు పేరు హోసే క్వావ్‌టెమోక్ మెలెండెజ్. 1916లో మెక్సికోలోని సొనోరా రాష్ట్రంలో పుట్టి, చిన్నతనంలోనే తల్లి వెంట సరిహద్దు దాటి అరిజోనాకు వచ్చాడు. స్పానిష్ ఇంటిభాషగా పెరిగిన ఆ కుర్రవాడు ఇంగ్లీషును అక్కడి బడిలో నేర్చుకున్నాడు. తరువాత డిస్నీ స్టూడియోలో చేరి 'పినాకియో', 'ఫాంటేషియా', 'బాంబీ' చిత్రాలకు పనిచేశాడు. 1941లో అక్కడ జరిగిన సమ్మెలో పాల్గొన్నాడు. హోసే క్వావ్‌టెమోక్ కాస్తా దారిలో ఎక్కడో బిల్ అయిపోయాడు. ఊరు దాటిన పేర్లకు ఇలా జరగడం మనమెరగనిది కాదు.

షుల్జ్‌కు మెలెండెజ్ మీద నమ్మకం కుదరడానికి కారణముంది. 1959 ప్రాంతంలో ఫోర్డు కార్ల ప్రకటనల కోసం చార్లీ బ్రౌన్ బృందాన్ని మొదటిసారి కదిలే బొమ్మలుగా చేసినవాడు ఈయనే. మిగతావాళ్ళలా గీతను దిద్ది 'అందంగా' చేయబోలేదు. షుల్జ్ గీసింది గీసినట్లు కదిలించాడు. అది చెప్పినంత తేలిక కాదు. ఈ పిల్లల తలకాయలు పెద్దవి, చేతులు పొట్టివి. చెయ్యి ఎత్తితే నడినెత్తిని అందదు. పక్కకు తిరిగితే ఒక రూపం, ఎదురుగా నిలబడితే మరో రూపం. మధ్యలో తల ఎలా తిప్పాలో కాగితం మీద ఎవరూ గీయలేదు. మెలెండెజ్ వాటి పరిమితులను దాచలేదు. దబదబ నడిచే చిన్నకాళ్ళు, గబుక్కున తిరిగే తలలు, చదునైన రంగులు అలాగే ఉంచాడు. స్నూపీకి మాటలు లేవు కాబట్టి, తానే అర్థంలేని శబ్దాలు టేపు మీద పలికి, వేగం పెంచి వినిపించాడు.

అనుకున్న ఖర్చు 76,000 డాలర్లు. అయ్యేసరికి మరో 20,000 పైబడ్డాయి. ఈ ఇరుకులోనే మూడు విషయాల్లో వాళ్ళు పంతం పట్టారు.

మొదటిది పిల్లల గొంతు. అప్పట్లో బొమ్మల చిత్రాల్లో పిల్లల పాత్రలకు సాధారణంగా పెద్దవాళ్ళే గొంతు సన్నం చేసి మాట్లాడేవారు. ఇక్కడ నిజమైన పిల్లలనే పిలిపించారు. చార్లీ బ్రౌన్‌గా పీటర్ రాబిన్స్, లైనస్‌గా క్రిస్టఫర్ షే మాట్లాడారు. చార్లీ బ్రౌన్ చెల్లెలు శాలీకి గొంతిచ్చిన కేథీ స్టైన్‌బర్గ్‌కు ఇంకా చదవడమే రాదు. ఒక్కో వాక్యాన్ని ముక్కలు చేసి వినిపిస్తే ఆ ముక్కను అనేది. తరువాత వాటిని అతికించారు. శాలీ మాటల్లో ఇప్పటికీ ఆ అతుకులు వినిపిస్తాయి. పెద్దపెద్ద మాటలను అర్థం పూర్తిగా తెలియకుండా పలికే పసితనం కూడా వినిపిస్తుంది. దాన్ని ఏ నటీ అభినయించలేదు.

రెండోది సంగీతం. విన్స్ గ్వరాల్డి శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన ఇటాలియన్ కుటుంబంలోని జాజ్ పియానిస్టు. ఒకనాడు మెండెల్‌సన్ గోల్డెన్ గేట్ వంతెన మీద టాక్సీలో పోతుండగా రేడియోలో ఈయన వాయించిన 'కాస్ట్ యువర్ ఫేట్ టు ది విండ్' వినిపించింది. డాక్యుమెంటరీకి సంగీతం ఇమ్మని వెతుక్కుంటూ పోయాడు. ఆ డాక్యుమెంటరీ అమ్ముడుపోకపోయినా, దానికోసం కట్టిన 'లైనస్ అండ్ లూసీ' అనే హుషారు వరుస ఈ క్రిస్మస్ కథలోకి వచ్చి లోకమంతా పాకింది. మొదట్లో మంచు మీద పిల్లలు జారే ఘట్టానికి గ్వరాల్డి ఒక మెల్లని వరుస కట్టాడు. దానికి పాట రాసేవారు సమయానికి దొరక్క, మెండెల్‌సన్ తానే ఒక కవరు వెనుక పావుగంటలో మాటలు రాసి ఇచ్చాడు. శాన్ రఫేల్ పట్టణంలోని ఒక చర్చి పిల్లల బృందం దాన్ని పాడింది. గొంతులు అక్కడక్కడ శ్రుతి తప్పినా దిద్దలేదు. పండుగ పాటలో ఇంత దిగులేమిటని ఎవరైనా అనుకోవచ్చు. కాని ఆ దిగులే కథకు తాళం.

మూడోది మౌనం. ఆ రోజుల్లో టీవీ హాస్య కార్యక్రమాలకు, చివరికి బొమ్మల కార్యక్రమాలకు కూడా, ముందే రికార్డు చేసి ఉంచిన నవ్వులను అతికించడం రివాజు. దీనికీ పెడదామని మాట వచ్చినప్పుడు షుల్జ్ ససేమిరా అన్నాడు. ఇళ్ళలో కూర్చున్నవాళ్ళు తమకు నవ్వొచ్చినప్పుడే నవ్వుకుంటారని చెప్పి, ఇక చర్చకు తావివ్వకుండా గదిలోంచి లేచి వెళ్ళిపోయాడట. నవ్వులు అతికించలేదు. మాటకూ మాటకూ మధ్య మంచు పడుతున్నంత నిశ్శబ్దం మిగిలింది. చూసేవాడు ఆ నిశ్శబ్దంలో చార్లీ బ్రౌన్‌తోపాటు నిలబడవలసిందే. నడక మందమని అధికారులన్నది దీన్ని గురించే.

కథ ఇంతే

కథ చిన్నది. పండుగ వస్తోంది గాని తనకు సంతోషంగా లేదని చార్లీ బ్రౌన్ లైనస్‌తో చెప్పుకుంటాడు. ఉత్తరాల పెట్టె తెరిచి చూస్తే వాడికి ఒక్క క్రిస్మస్ కార్డూ లేదు. స్నూపీ తన గూటికి రంగురంగుల దీపాలు కడుతోంది. దీపాలంకరణ పోటీలో బహుమతి డబ్బు రూపంలో ఉంది మరి. చెల్లెలు శాలీ క్రిస్మస్ తాతకు ఉత్తరం రాయించుకుంటూ, ఇబ్బందైతే వస్తువులెందుకు, నోట్లే పంపమంటుంది. లూసీకి బొమ్మలు వద్దట, స్థలాలు కావాలట. తన కుక్కా తన చెల్లెలూ కూడా ఇలాగైతే తానెవరితో చెప్పుకోవాలి?

అయిదు సెంట్లు తీసుకున్న లూసీ, పిల్లల నాటకానికి దర్శకత్వం వహిస్తే దిగులు పోతుందని మందు చెబుతుంది. నాటకం మొదలయ్యేసరికి ఎవరూ వాడి మాట వినరు. అందరూ నృత్యం చేస్తుంటారు. వేదిక మీదికి ఒక చెట్టు కావాలని తోస్తుంది. పెద్దదీ, మెరిసేదీ, అల్యూమినియం చెట్టు తెమ్మని లూసీ ఆజ్ఞ. గులాబీ రంగు వేసినదైనా పరవాలేదట. చార్లీ బ్రౌన్, లైనస్ చెట్ల అంగడికి పోతారు. అక్కడ తట్టితే రేకుడబ్బాలా మోగే రంగుచెట్ల నడుమ, నాలుగు కొమ్మలతో ఆకులు రాలుస్తూ ఒకే ఒక్క నిజమైన చెట్టు నిలబడి ఉంటుంది. ఆ బక్కమొక్క మీద చార్లీ బ్రౌన్‌కు జాలి కలుగుతుంది. దాన్నే తెస్తాడు. అందరూ విరగబడి నవ్వుతారు. అసలు క్రిస్మస్ అంటే ఏమిటో ఎవరికైనా తెలుసా అని వాడు గొంతెత్తి అడుగుతాడు.

తనకు తెలుసంటాడు లైనస్. దుప్పటి ఈడ్చుకుంటూ వేదిక మధ్యకు నడిచి, దీపం వేయమని అడుగుతాడు. లూకా సువార్త రెండో అధ్యాయం, 8 నుంచి 14 వరకు వచనాలు చెబుతాడు. పొలంలో రాత్రివేళ మందలు కాస్తున్న కాపరులకు దేవదూత కనిపించిన ఘట్టమది. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో క్రిస్మస్ ఆరాధనకు వెళ్ళిన ఏ పిల్లవాడైనా వినే ఉంటాడు. తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉన్నట్లే, లైనస్ చెప్పే ఇంగ్లీషు కూడా 1611 నాటి పాత అనువాదం. ఇంట్లో మాట్లాడే భాష కాదు. ఒక చిన్నవాడు, కాస్త ముద్దపలుకులతో, ఏ వ్యాఖ్యానమూ లేకుండా ఆ పాతమాటలను ఒప్పజెబుతాడు. వెనుక సంగీతం లేదు. ఒక నిమిషం పాటు తెరమీద కదలిక కూడా దాదాపు లేదు. చెప్పి, దుప్పటి తీసుకుని, దిగి వచ్చేస్తాడు.

ఆ నిమిషం కోసం పెనుగులాట

ఇప్పుడు చూస్తే ఆ నిమిషం సహజంగా అమరినట్లు తోస్తుంది. ఆనాడు అది పెద్ద సాహసం. 1962లోనూ 1963లోనూ అమెరికా సుప్రీంకోర్టు ప్రభుత్వ పాఠశాలల్లో ప్రార్థన చేయించడం, బైబిలు పఠనం జరపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పులిచ్చింది. మతాన్ని నలుగురిలో ఎంతవరకు తేవచ్చనే చర్చ వేడిగా ఉంది. ప్రకటనదారుకు ఎవరినీ నొప్పించడం ఇష్టముండదు. క్రిస్మస్ కార్యక్రమాలంటే తాతయ్య, జింకలు, బహుమతులు. 1964లో వచ్చిన ఎర్రముక్కు జింక రుడాల్ఫ్ కథ అప్పటికే పేరు తెచ్చుకుంది. అందులో ఏ పేచీ లేదు.

మెలెండెజ్‌కు కూడా భయం వేసింది. బొమ్మల చిత్రంలో బైబిలు చదివించడం కుదరదని షుల్జ్‌కు చెప్పి చూశాడు. మనం చేయకపోతే ఇంకెవరు చేస్తారని షుల్జ్ తిరిగి అడిగాడు. షుల్జ్ అప్పట్లో చర్చిలో బైబిలు తరగతులు చెబుతుండేవాడు. అయినా ఈ కార్యక్రమంలో ఉపన్యాసం పెట్టలేదు. నమ్మినవాడు నమ్ముతాడు, నమ్మనివాడు ఒక పిల్లవాడి మాటలు విన్నానని సరిపెట్టుకుంటాడు. ఎవరినీ వేలెత్తి చూపకుండా, ఎవరినీ బతిమాలకుండా చెప్పిన తీరులోనే దాని బలముంది. తరువాతి సంవత్సరాల్లో షుల్జ్ స్వయంగా చర్చికి దూరమయ్యాడు. లైనస్ ఆ రాత్రి చెప్పిన మాటలు మాత్రం చెప్పిన చోటే ఉండిపోయాయి.

చాలామంది చాలా ఏళ్ళకు గమనించిన సంగతి ఒకటుంది. ఎప్పుడూ దుప్పటి వదలని లైనస్, భయపడవద్దని దేవదూత చెప్పిన మాట దగ్గరకు వచ్చేసరికి దాన్ని చేతిలోంచి జారవిడుస్తాడు. దాని గురించి కథలో ఎవరూ ఒక్క ముక్క మాట్లాడరు.

తరువాత చార్లీ బ్రౌన్ చెట్టును ఇంటికి మోసుకుపోతాడు. దారిలో స్నూపీ గూటికి పోటీలో మొదటి బహుమతి వచ్చిందని తెలుస్తుంది. ఆ గూటినుంచి ఒక్క ఎర్రబంతి తీసి కొమ్మకు తగిలిస్తే, ఆ బరువుకే చెట్టు నేలకు వంగిపోతుంది. దాన్ని చంపేశాననుకుని వాడు కుంగిపోయి వెళ్ళిపోతాడు. వెక్కిరించిన పిల్లలే వెనుక వస్తారు. లైనస్ తన దుప్పటిని చెట్టు మొదట్లో చుడతాడు. మిగతావాళ్ళు స్నూపీ గూటి అలంకారాలన్నీ విప్పి ఆ చెట్టుకు కడతారు. అందరూ కలిసి పాడతారు. కథ అయిపోతుంది.

ఆ రాత్రి, ఆ తరువాత

ప్రసారానికి ముందు కార్యక్రమాన్ని చూసిన టైమ్ పత్రిక విమర్శకుడు మెచ్చుకుంటూ రాశాడు. ఆ గురువారం రాత్రి సుమారు కోటిన్నర ఇళ్ళలో దీన్ని చూశారు. ఆ వేళప్పుడు టీవీ పెట్టుకున్నవాళ్ళలో దాదాపు సగం మందన్నమాట. ఆ వారం ఎక్కువమంది చూసిన కార్యక్రమాల్లో 'బొనాంజా' తరువాత రెండో స్థానం దీనిదే. రెండోసారి మాట వద్దన్నవాళ్ళే మరిన్ని చార్లీ బ్రౌన్ కథలు కావాలన్నారు. పీబడీ బహుమతి వచ్చింది. 1966లో ఎమ్మీ బహుమతి కూడా వచ్చింది.

లూసీ తెమ్మన్న అల్యూమినియం చెట్టు సంగతి కూడా చెప్పుకోవాలి. అది షుల్జ్ కల్పన కాదు. 1950ల చివర మొదలై 1960ల నడుమ దాకా అమెరికా ఇళ్ళలో అల్యూమినియం క్రిస్మస్ చెట్లు గొప్ప ఫ్యాషను. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మానిటోవాక్ పట్టణంలో అవి లక్షలకొద్దీ తయారయ్యాయి. లోహపు కొమ్మలకు కరెంటు దీపాలు కడితే షాకు కొట్టే ప్రమాదముంది. అందుకని కింద ఒక దీపం పెట్టి, దాని ముందు రంగుల చక్రం తిప్పేవారు. చెట్టు ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు రంగుల్లో మారిమారి మెరిసేది. ఈ కార్యక్రమం వచ్చిన కొద్ది ఏళ్ళకే ఆ వెర్రి సన్నగిల్లింది. ఫ్యాషన్లు ఎప్పుడూ ఒక్క కారణంతో పుట్టవు, ఒక్క కారణంతో పోవు. కాని పిల్లలు ఏటా టీవీలో చూసి నవ్వే వస్తువును హాలులో పెట్టుకోవడం పెద్దలకు కష్టమై ఉంటుంది.

ఇక చిక్కుముడి దగ్గరకు వద్దాం. మొదటి ప్రసారంలో కోకా-కోలా పేరు కథలోకే చొరబడింది. మొదట్లో మంచు మీద లైనస్ విసురుగా పోయి గుద్దుకునేది ఆ కంపెనీ ప్రకటన బోర్డునే. తరువాతి ప్రసారాల్లో ఆ బోర్డూ, చివరనున్న కంపెనీ పేరూ తీసివేశారు. డబ్బు పెట్టినవాడి పేరు పోయి, కథ మిగిలింది. కాని అమ్మకం అంత తేలికగా ఓడిపోదు. ప్రకటనల సమయం పెరుగుతూ వచ్చిన కొద్దీ, కొన్ని ఏళ్ళపాటు కథలోంచే కొన్ని ముక్కలు కత్తిరించి ఆ ఖాళీని ప్రకటనలతో నింపారు. అన్నిటికంటే విడ్డూరం, ఆ వంగిపోయిన బక్కచెట్టుకు నకళ్ళు ఇప్పుడు అంగళ్ళలో దొరుకుతున్నాయి. ఒకే ఒక్క ఎర్రబంతి, మొదట్లో నీలిగుడ్డ సహా పెట్టెలో వస్తుంది. ఎవరికీ అక్కరలేని చెట్టు ధర కట్టిన సరుకైంది.

సి.బి.ఎస్.లో 2000 వరకు, 2001 నుంచి ఎ.బి.సి.లో 2019 వరకు ఇది ఏటా వచ్చింది. అన్ని ఇళ్ళలో ఒకే రోజు, ఒకే గంటకు, పైసా ఖర్చు లేకుండా. 2020లో హక్కులు ఆపిల్ సంస్థవారి చందా సేవకు వెళ్ళాయి. చందా కట్టనివాడికి చార్లీ బ్రౌన్ లేడా అని జనం గొడవపెట్టారు. 2020లోనూ 2021లోనూ పి.బి.ఎస్. ద్వారా మళ్ళీ అందరికీ చూపించారు. ఆ తరువాత డిసెంబరులో కొద్దిరోజులు చందా లేకుండా చూడనివ్వడం ఆనవాయితీ చేశారు. పండుగ సరుకైందని బాధపడిన కథను చూడటానికి వెల ఉండాలా అన్నది జనం అడిగిన ప్రశ్న. చార్లీ బ్రౌన్ అడిగినదానికి అదేమంత దూరం కాదు.

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. గ్వరాల్డి 1976లో, నలభై ఏడేళ్ళకే పోయాడు. ఆయన కట్టిన ఈ సంగీతాన్ని 2012లో అమెరికా జాతీయ గ్రంథాలయం, కలకాలం భద్రపరచవలసిన ధ్వనిముద్రికల పట్టికలో చేర్చింది. షుల్జ్ యాభై ఏళ్ళపాటు తన బొమ్మల కథను మరొకరి చేయి పడనీయకుండా గీశాడు. మొత్తం 17,897 కథలు. తన తరువాత కొత్తవి ఎవరూ గీయకూడదన్నాడు. 2000 ఫిబ్రవరి 12 రాత్రి కన్నుమూశాడు. ఆయన చివరి ఆదివారపు కథ తెల్లవారి పత్రికల్లో వచ్చింది. మెలెండెజ్ 2008లో పోయాడు. కవరు వెనుక పాట రాసిన మెండెల్‌సన్ 2019లో పోయాడు. ఆ రోజు డిసెంబరు 25.

జర్మనీనుంచి వచ్చిన క్షురకుని కొడుకు రాశాడు. మెక్సికోలో పుట్టినవాడు బొమ్మలను కదిలించాడు. ఇటాలియన్ల ఇంటి పిల్లవాడు పియానో వాయించాడు. చదవడం రాని పాప మాటలు పలికింది. శీతల పానీయాల కంపెనీ డబ్బు పెట్టింది. ఆ డబ్బుకు వాళ్ళు అరగంట కార్యక్రమాన్ని అమ్మారు. పిల్లల పచ్చిగొంతునూ, మాటల మధ్య మౌనాన్నీ, లైనస్ నిలబడిన ఆ ఒక్క నిమిషాన్నీ మాత్రం బేరానికి పెట్టలేదు.

ఆ నిమిషం ఇప్పటికీ అలాగే ఉంది. ఏటా డిసెంబరులో దుప్పటి ఈడ్చుకుంటూ ఒక పిల్లవాడు వేదిక మధ్యకు వస్తాడు. దీపం వేయమని అడుగుతాడు. చూస్తున్న ఇళ్ళలో కాసేపు ఎవరూ మాట్లాడరు.